ఊళ్లో భూమి, పట్నంలో కాపురం: రైతు భరోసా, పీఎం కిసాన్ సొమ్ముకు ఏం చూసుకోవాలి?

హైదరాబాద్‌లోని మధురానగర్, కృష్ణానగర్, యూసఫ్‌గూడ, ఫిలింనగర్ ప్రాంతాల్లో సినిమా పనుల మీదో, ఇతర ఉద్యోగాల మీదో స్థిరపడిన వారిలో చాలామందికి సొంతూళ్లో ఎకరమో, రెండెకరాలో భూమి ఉంటుంది. పాసుపుస్తకం వీరి పేరున ఉంటుంది, సేద్యం అన్నదమ్ములో, ఊళ్లోని కౌలు రైతో చేస్తుంటారు. ఇలాంటి వారికి ప్రతి సీజన్‌లో రెండు ప్రశ్నలు వస్తాయి. ప్రభుత్వ సాయం మన ఖాతాలో ఎందుకు పడలేదు? పడితే అది ఎవరికి చెందాలి?

రెండింటికీ మూలం ఒకటే. మన రాష్ట్రాల్లో పెట్టుబడి సాయం ప్రధానంగా భూమి రికార్డు వెంట నడుస్తుంది. నాగలి పట్టింది ఎవరు అనేది చాలావరకు లెక్కలోకి రాదు. అందుకే పట్టాదారుకు రెండు బాధ్యతలు ఉంటాయి: రికార్డు సరిగా ఉంచుకోవడం, సాగు చేసే మనిషితో లెక్క ముందే తేల్చుకోవడం. ఈ రెండింటికీ అవసరమైన వివరాలు కింద ఇస్తున్నాం. ఇందులోని మొత్తాలు 2025లో అమలైనవి.

ఏ పథకం, ఎంత సొమ్ము?

రైతు భరోసా (తెలంగాణ): 2018 మే 10న హుజూరాబాద్ ప్రాంతంలో రైతుబంధు పేరుతో ఎకరా లెక్కన సాయం మొదలైంది. తొలి ఏడాది ఎకరాకు సీజన్‌కు 4,000 రూపాయలు, 2019-20 నుంచి 5,000 రూపాయలు ఇచ్చారు. 2025 జనవరి 26 నుంచి దీని స్థానంలో రైతు భరోసా వచ్చింది. ఎకరాకు వానాకాలంలో 6,000, యాసంగిలో 6,000, మొత్తం ఏడాదికి 12,000 రూపాయలు.

పీఎం కిసాన్ (కేంద్రం): 2019 ఫిబ్రవరి 24న ప్రారంభమైంది. కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయలు. నాలుగు నెలలకు ఒక విడత చొప్పున మూడు విడతల్లో 2,000 రూపాయలు వేస్తారు. మొదట 2 హెక్టార్ల లోపు రైతులకే అన్నారు. 2019 జూన్ నుంచి ఆ పరిమితి తీసేశారు.

అన్నదాత సుఖీభవ (ఆంధ్రప్రదేశ్): 2019 అక్టోబర్ 15 నుంచి వైఎస్సార్ రైతు భరోసా పేరుతో, పీఎం కిసాన్‌తో కలిపి ఏడాదికి 13,500 రూపాయలు ఇచ్చారు. 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి మండలంలో అన్నదాత సుఖీభవ మొదలైంది. ఇందులో రాష్ట్రం వాటా 14,000, పీఎం కిసాన్ 6,000, మొత్తం 20,000 రూపాయలు. తొలి విడతగా రాష్ట్రం 5,000, కేంద్రం 2,000 కలిపి 7,000 రూపాయలు జమ చేశారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. తెలంగాణ రైతు భరోసా ఎకరా లెక్క, పట్టాదారు లెక్క. ఎకరాకు 40 గుంటలు కాబట్టి గుంటకు 150 రూపాయలు పడుతుంది. 2 ఎకరాల 20 గుంటలున్న రైతుకు సీజన్‌కు 15,000 రూపాయలు రావాలి. ఎకరం 10 గుంటలుంటే 7,500 రూపాయలు. వచ్చిన సొమ్ము ఈ లెక్కకు తగ్గితే, ఏదో ఒక సర్వే నంబరు జాబితాలోకి రాలేదని అర్థం చేసుకుని విచారించాలి. పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ కుటుంబం లెక్క. భార్యాభర్తలు, మైనర్ పిల్లలు కలిసి ఒక కుటుంబం. భార్య పేరున ఎకరం, భర్త పేరున ఎకరం ఉన్నా ఒకరికే వస్తుంది.

పట్నంలో ఉంటే అర్హత పోతుందా?

పోదు. నివాసం ఎక్కడ అన్నది ఈ పథకాల్లో అడ్డంకి కాదు. అడ్డంకులు వేరే ఉన్నాయి.

పీఎం కిసాన్‌కు కింది వారు అనర్హులు:
- గత అసెస్‌మెంట్ సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవారు
- పనిలో ఉన్న, రిటైరైన కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు (నాలుగో తరగతి సిబ్బందికి మినహాయింపు ఉంది)
- నెలకు 10,000 రూపాయలు, ఆపైన పెన్షన్ పొందేవారు (ఇక్కడా నాలుగో తరగతి వారికి మినహాయింపు ఉంది)
- వృత్తి సంఘాల్లో రిజిస్టరై ప్రాక్టీసు చేసే డాక్టర్లు, ఇంజనీర్లు, లాయర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు, ఆర్కిటెక్టులు
- మంత్రులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, మేయర్లు, జిల్లా పరిషత్ చైర్మన్లు, వీరిలో మాజీలు కూడా
- సంస్థల పేరున ఉన్న భూములు

అన్నదాత సుఖీభవకూ దాదాపు ఇవే మినహాయింపులు వర్తిస్తాయి.

కుటుంబం అంటే భార్యాభర్తలు, మైనర్ పిల్లలే. కాబట్టి పెద్దవాడైన కొడుకు హైదరాబాద్‌లో పన్ను కడుతున్నా, ఊళ్లో తండ్రి పేరున వచ్చే పీఎం కిసాన్ ఆగదు. అదే భూమి తండ్రి తదనంతరం ఆ కొడుకు పేరు మీదకు మారితే, అతనికి పీఎం కిసాన్ రాదు.

ఇంకో ముఖ్యమైన షరతు తేదీ. పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి పేరున ఉండాలి. ఆ తర్వాత కొన్న భూమికి వర్తించదు. పట్టాదారు మరణంతో వారసత్వంగా వచ్చిన భూమికి మాత్రం వర్తిస్తుంది. ఆ తర్వాత ఊళ్లో భూమి కొన్నవారు దరఖాస్తు పదేపదే తిరస్కరణకు గురైతే, కారణం ఇదేనా అని ముందుగా చూసుకోవాలి.

తెలంగాణ రైతు భరోసాకు ఆదాయపు పన్ను షరతు పెట్టలేదు. 2025 మార్గదర్శకాలు భూమి రకాన్ని చూస్తాయి. సాగుకు యోగ్యం కాని గుట్టలు, రాళ్ల భూములు, రోడ్లు, లేఅవుట్లు, ప్లాట్లు చేసిన భూములు, వ్యవసాయేతర అవసరానికి మార్చిన భూములు జాబితా నుంచి తీసేశారు. రైతుబంధు కాలంలో ఇలాంటి వాటికీ సొమ్ము పడిందన్న విమర్శ తర్వాత క్షేత్రస్థాయి పరిశీలన చేసి ఈ మార్పు చేశారు. మీ భూమిలో కొంత భాగానికే సాయం పడితే, మిగతా భాగాన్ని సాగుకు పనికిరాదని రాశారేమో మండల వ్యవసాయ అధికారిని అడగాలి. పొరపాటున రాసి ఉంటే మళ్లీ పరిశీలన కోరుతూ దరఖాస్తు ఇవ్వాలి.

అర్హత లేకుండా పీఎం కిసాన్ తీసుకుంటే ఆ సొమ్మును ప్రభుత్వం తిరిగి వసూలు చేస్తుంది. ఉద్యోగం వచ్చి పన్ను పరిధిలోకి వెళ్లినవారు పోర్టల్‌లో స్వచ్ఛందంగా వదులుకునే సదుపాయం వాడుకోవడం మంచిది.

సొమ్ము పడలేదు, ఎక్కడ ఆగింది?

ఫిర్యాదు చేసే ముందు కింది ఐదు విషయాలు వరుసగా చూసుకోవాలి.

1. ఈ-కేవైసీ: పీఎం కిసాన్‌కు ఇది తప్పనిసరి. ఆధార్‌కు లింకైన ఫోన్‌కు వచ్చే ఓటీపీతో పోర్టల్‌లో చేసుకోవచ్చు. ఫోన్ నంబరు మారిపోయినవారు మీసేవ, కామన్ సర్వీస్ సెంటర్‌లో వేలిముద్రతో చేయించుకోవాలి. 2023 నుంచి పీఎం కిసాన్ యాప్‌లో ముఖాన్ని చూపి చేసుకునే సదుపాయం కూడా ఉంది. ఊరికి వెళ్లలేని వృద్ధులకు, పని చేసి వేళ్లు అరిగిపోయి వేలిముద్ర పడనివారికి ఇది బాగా ఉపయోగం.

2. ఆధార్ ఏ ఖాతాకు కలిసింది: ఆధార్ ఆధారంగా పంపే సొమ్ము, మీరు దరఖాస్తులో రాసిన ఖాతాకు కాకుండా, ఆధార్‌తో చివరిగా సాయం కోసం అనుసంధానమైన ఖాతాకు వెళ్తుంది. పట్నంలో జీతం కోసం కొత్త ఖాతా తెరిచినప్పుడు బ్యాంకువారు దానికి ఆధార్ కలిపితే, ఊరి బ్యాంకులో పడాల్సిన 2,000 రూపాయలు ఇక్కడి ఖాతాలో పడి ఉంటాయి. సొమ్ము రాలేదనుకునే ముందు అన్ని ఖాతాలూ చూసుకోవాలి.

3. బ్యాంకు విలీనాలు: ఖాతా నంబరు ఆధారంగా పంపే సాయానికి ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ సరిగా ఉండాలి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిశాయి. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుకు తెలంగాణలో ఉన్న శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1 నుంచి ఒకే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. పాత బ్యాంకు పుస్తకం జిరాక్స్ ఇచ్చినవారు కొత్త వివరాలను ఏఈఓకు, లేదా రైతు సేవా కేంద్రంలో ఇవ్వాలి.

4. పేర్లు, విస్తీర్ణం: పాసుపుస్తకంలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటే జమ ఆగవచ్చు. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ధరణి స్థానంలో భూభారతి పోర్టల్ వచ్చింది. పేరు, విస్తీర్ణం, సర్వే నంబరు తప్పులుంటే అందులో దరఖాస్తు చేసి తహసీల్దార్ కార్యాలయంలో వెంటపడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1-బి, అడంగల్ చూసుకోవాలి.

5. రైతు విశిష్ట సంఖ్య: రెండు రాష్ట్రాల్లోనూ రైతులకు 11 అంకెల గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు. పట్టా వివరాలు, ఆధార్, ఫోన్‌తో ఏఈఓ దగ్గర, రైతు సేవా కేంద్రంలో, మీసేవలో నమోదు చేసుకోవచ్చు. కేంద్ర పథకాలకు ఇది ముందు ముందు కీలకం అవుతుంది. సొంతూరికి పండక్కి వెళ్లినప్పుడే ఈ పని చేసుకోవాలి.

జాగ్రత్త: విడత విడుదలయ్యే రోజుల్లో పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో నకిలీ యాప్ ఫైళ్లు తిరుగుతుంటాయి. వాటిని తెరవకూడదు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు.

పట్టాదారు చనిపోతే

పట్నంలో స్థిరపడిన కుటుంబాలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. పట్టాదారు మరణించిన తర్వాత, భూమి వారసుల పేరు మీదకు మారి కొత్త పాసుపుస్తకం వచ్చేదాకా రైతు భరోసా పడదు. ఊరి వదంతులు నమ్ముతూ రెండు మూడేళ్లు వదిలేస్తే ఆ సీజన్ల సాయం పోయినట్లే. భూభారతిలో వారసత్వ మార్పిడికి దరఖాస్తు చేస్తే తహసీల్దార్ నోటీసులిచ్చి విచారిస్తారు. అక్కచెల్లెళ్లతో సహా వారసులందరి ఆధార్, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ముందే సిద్ధం చేసుకోవాలి. కొత్త పుస్తకం రాగానే, బ్యాంకు పుస్తకం జిరాక్స్‌తో కలిపి ఏఈఓకు ఇవ్వాలి.

తెలంగాణలో మరొకటి మరిచిపోకూడదు. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న రైతు బీమాలో 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో మరణించినా నామినీకి 5 లక్షల రూపాయలు వస్తాయి. ప్రీమియం ప్రభుత్వమే ఎల్‌ఐసీకి కడుతుంది. పట్టాదారు మధురానగర్‌లో అద్దె ఇంట్లో ఉన్నా, పేరు నమోదై ఉంటే బీమా వర్తిస్తుంది. అయితే మరణం పట్నంలో జరిగితే ఆ కబురు ఊళ్లోని ఏఈఓకు ఎవరూ చెప్పరు. కుటుంబ సభ్యులే మరణ ధ్రువపత్రం, నామినీ ఆధార్, బ్యాంకు పుస్తకంతో వెంటనే సంప్రదించాలి. బతికుండగానే నామినీ పేరు సరిచూసుకోవాలి. పెళ్లికి ముందు తల్లి పేరు రాసినవారు, ఆమె మరణించాక మార్చుకోకపోతే భార్యాపిల్లలు ఇబ్బంది పడతారు.

సాగు చేసేవారి సంగతి ఏమిటి?

సాయం పట్టాదారుకే ఎందుకు వెళ్తుందో తెలుసుకుంటే మిగతా విషయం తేలికగా అర్థమవుతుంది. తెలంగాణలో 2017 సెప్టెంబర్ 15 నుంచి భూ రికార్డుల ప్రక్షాళన జరిగింది. దాని ఆధారంగా కొత్త పాసుపుస్తకాలు ఇచ్చారు, ఆ జాబితా మీదే రైతుబంధు చెక్కులు రాశారు. కౌలు మన దగ్గర ఎక్కువగా నోటిమాట మీద నడుస్తుంది కాబట్టి కౌలుదారుల జాబితా ప్రభుత్వం దగ్గర లేదు. భూమి యజమానులు కాగితం రాయడానికి వెనకాడటానికీ కారణం ఉంది. 1950 నాటి హైదరాబాద్ కౌలు చట్టం కింద రక్షిత కౌలుదార్లకు హక్కులు వచ్చాయి. కాగితం ఇస్తే భూమి పోతుందన్న భయం అప్పటి నుంచి కుటుంబాల్లో ఉండిపోయింది.

ఆ తర్వాతి చట్టాలు ఈ భయాన్ని తీర్చేలా రాసినవే. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 2011 నాటి సాగుదారుల చట్టం కింద ఇచ్చే రుణ అర్హత కార్డు ఏడాదికే పరిమితం. అది పంట రుణం, బీమా, పంట నష్టపరిహారం వంటి వాటికి పనికొస్తుందే తప్ప, భూమిపై ఏ హక్కూ ఇవ్వదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం 11 నెలలు చెల్లుతుంది. దానికి యజమాని అంగీకారం కావాలి. ఆ పత్రం ఉన్న కౌలు రైతు ఈ-పంటలో తన పేరు నమోదు చేయించుకోవచ్చు.

తెలంగాణలో 2023 ఎన్నికలప్పుడు కౌలు రైతులకూ రైతు భరోసా అన్న హామీ వచ్చింది. 2025 జనవరిలో పథకం పట్టాదారులతోనే మొదలైంది. భూమిలేని ఉపాధి కూలీ కుటుంబాలకు ఏడాదికి 12,000 రూపాయల ఇందిరమ్మ ఆత్మీయ భరోసా విడిగా ప్రకటించారు. కూలీ పని చేయకుండా భూమి కౌలుకు తీసుకుని సాగు చేసే రైతు ఈ రెండింటి మధ్య మిగిలిపోయాడు.

లెక్క చూడండి. రెండెకరాలు కౌలుకిచ్చిన యజమానికి వానాకాలంలో కౌలుతో పాటు 12,000 రూపాయల పెట్టుబడి సాయం వస్తుంది. విత్తనం, ఎరువు, దుక్కి, కూలీ ఖర్చు కౌలు రైతుదే. దానికి అతను వడ్డీకి అప్పు తెస్తాడు. వడగళ్లు పడితే పోయేది అతని పెట్టుబడే, కౌలు మాత్రం కట్టాలి. పెట్టుబడి సాయం అన్న పేరుకు న్యాయం జరగాలంటే ఆ సొమ్ములో కొంతైనా పొలానికి చేరాలి. చట్టం దీన్ని అడగదు కాబట్టి ఇది యజమాని చేతిలో ఉంది.

ఇతర దేశాల్లోనూ ఇదే చిక్కు ఉంది. ఐరోపా సమాఖ్య 2003 సంస్కరణల తర్వాత హెక్టారు లెక్కన సాయం ఇస్తోంది. అక్కడ సొమ్ము భూమిని సాగులో ఉంచుకున్న రైతుకు వెళ్తుంది, అతను కౌలుదారైనా సరే. అయినా యజమానులు కౌలు పెంచి అందులో కొంత రాబట్టుకుంటారని అక్కడి ఆర్థికవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. సొమ్ము ఎవరి ఖాతాలో పడినా, చివరికి కౌలు ఒప్పందమే పంపకాన్ని తేలుస్తుంది.

కౌలు చీటీలో ఏం రాసుకోవాలి?

సీజన్ మొదలుకాకముందే, ఉగాది తర్వాత కౌలు మాట్లాడుకునే రోజుల్లోనే, ఒక తెల్లకాగితం మీద ఈ విషయాలు రాసుకుని ఇద్దరూ సంతకం చేసుకుంటే తర్వాత మాటపట్టింపులు ఉండవు:

- ఇద్దరి పేర్లు, ఊరు, సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు
- కాలం (11 నెలలకు మించకుండా రాసుకోవడం వాడుక)
- కౌలు ఎంత, డబ్బా ధాన్యమా, ఎప్పుడు ఇవ్వాలి
- రైతు భరోసా సొమ్ము ఎవరిది: కౌలు రైతుకు ఇచ్చేస్తారా, కౌలులో తగ్గిస్తారా, చెరిసగమా
- పంట నష్టపరిహారం, బీమా వస్తే అది పంట పెట్టినవారిదేనని స్పష్టంగా ఒక వాక్యం
- పంట పూర్తిగా పోతే కౌలు ఎంత తగ్గించాలి
- ధాన్యం కొనుగోలు కేంద్రంలో అమ్మినప్పుడు సొమ్ము ఎవరి ఖాతాలో పడాలి

చివరి అంశాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మద్దతు ధరకు అమ్మిన ధాన్యం డబ్బు పంట నమోదు వివరాలను బట్టి ఖాతాలో పడుతుంది. ఏఈఓ పంటల నమోదుకు వచ్చినప్పుడు సాగు చేస్తున్న వ్యక్తి పేరు చెప్పడానికి యజమాని ఒప్పుకుంటే, అమ్మకానికి, సన్న వడ్ల బోనస్‌కు, నష్టపరిహారానికి ఇబ్బంది ఉండదు. 2023 మార్చిలో వడగళ్ల వానలకు ఎకరాకు 10,000 రూపాయలు ప్రకటించినప్పుడు కౌలు రైతులకూ అది అందేలా చూడాలని ప్రభుత్వం చెప్పింది. సాగులో ఉన్నది ఎవరో రాసి ఉన్న చోట అలాంటి మాట అమలు చేయడం అధికారులకు సులువు.

సీజన్‌కు ముందు ఒకసారి సరిచూసుకోండి

పట్టాదారులు: పాసుపుస్తకం, ఆధార్‌లలో పేరు ఒకేలా ఉందా? బ్యాంకు కోడ్ కొత్తదేనా? ఈ-కేవైసీ అయిందా? నామినీ సరైనవారేనా? తండ్రి, తాత పేరున ఇంకా ఉండిపోయిన భూమికి వారసత్వ దరఖాస్తు పెట్టారా?

కౌలు రైతులు: చీటీ రాసుకున్నారా? పంట నమోదులో మీ పేరు ఉందా? ఆంధ్రప్రదేశ్‌లో అయితే సాగుదారు హక్కు పత్రం తీసుకున్నారా?

సాయం కచ్చితంగా ఫలానా తేదీకి పడుతుందని లెక్కేసుకుని అప్పు చేయవద్దు. 2023 నవంబర్‌లో పోలింగ్‌కు మూడు రోజుల ముందు ఎన్నికల సంఘం రైతుబంధు జమకు ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంది. విత్తనం, ఎరువుల ఖర్చుకు వేరే ఏర్పాటు ఉంచుకుని, వచ్చిన సాయాన్ని ఆ ఖర్చుకు సర్దుకోవడం మేలు.

సంప్రదించవలసిన నంబర్లు: పీఎం కిసాన్ 155261, అన్నదాత సుఖీభవ 155251, వ్యవసాయ సలహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551 (తెలుగులో మాట్లాడవచ్చు). తెలంగాణ రైతు భరోసా, రైతు బీమా విషయాలకు మీ భూమి ఉన్న క్లస్టర్ ఏఈఓను రైతు వేదికలో, లేదా మండల వ్యవసాయ అధికారిని కలవాలి.